పదిహేడో నంబర్ పొట్టేలు

ఆ హత్యకు ఎఫ్‌ఐఆర్ కాలేదు. కారణం, హతుడు పొట్టేలు.

"గొర్రె సచ్చినా మేమే రావాల్నా సార్?" అని ఠాణాలో ఎవరో ఫోన్ పెట్టేశారట. పెట్టేస్తారు మరి. అచ్చంపేట దాటాక నల్లమల మొదలయ్యే చోట, ముళ్లకంచె లోపల, పట్టపగలు ఒక పొట్టేలు మెడలో సూదిబాణం దిగింది. అది నాలుగు కాళ్లూ చాపి పడిపోతున్న సమయంలోనే పక్కనే ల్యాబులో కోల్డ్ రూమ్ తలుపు తెరిచి, దాని నెత్తురు నిల్వ చేసిన సీసాల మీద యాసిడ్ గుమ్మరించి పోయారు. ఆకలైనవాడు గొర్రెను ఎత్తుకుపోతాడు. యాసిడ్ ఎవడు పోస్తాడు? అంత చిన్న ప్రశ్న కూడా ఎవరికీ తట్టలేదు, ఒక్క ప్రేమ్‌సాగర్‌కు తప్ప.

ప్రేమ్‌సాగర్ హైదరాబాదులో బోర్డు లేని ఒక ఆఫీసుకు చీఫ్. ఆయన ముందు కూర్చున్న ఏజెంటు పేరు బుష్రా. పాలమూరు పిల్ల. కోడ్ నేమ్ సీతాఫల్. ఆఫీసులో ఆమె తెలివికి మంచి పేరుంది, కోపానికి అంతకన్నా పెద్ద పేరుంది.

"విక్టిమ్?" అంది బుష్రా.

"పొట్టేలు. చెవి ట్యాగ్ నంబర్ పదిహేడు."

"సర్, మూడేండ్లు బార్డర్ మీద పనిజేసిన. నన్ను గొర్ల పంచాయితీకి పంపుతున్నరా?"

"కూర్చో. ముందు విను. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి. డీఎన్‌ఏ రాసే అక్షరాల్లో ఒకదాన్ని తయారు చేసే ఎంజైమ్ ఉంది. థైమిడిలేట్ సింథేస్. పేగు క్యాన్సర్ గడ్డలో అది తక్కువుంటే పాత మందే పనిచేసే అవకాశం ఎక్కువ. సర్కారు దవాఖానలో ఊరికే ఇచ్చే మందు. ఎంజైమ్ ఎక్కువుంటే వేరే దారి చూడాలి. ఎక్కువా తక్కువా చెప్పేది యాంటీబాడీ. గడ్డ ముక్క మీద వేస్తే ఆ ఒక్క ఎంజైమునే వెతికి పట్టుకుంటుంది. పట్టిన చోట గోధుమరంగు."

"పోలీసు కుక్క లెక్క."

"కరెక్ట్. ఇప్పుడు మార్కెట్లో ఉన్న విదేశీ కుక్క కనబడ్డ ప్రతివాణ్ణీ కరుస్తోంది. ప్రతి స్లైడూ గోధుమరంగే. ప్రతి రోగికీ రిపోర్టు 'హై'. వెంటనే ఒక ఖరీదైన ఇంజెక్షన్ రాస్తున్నారు. ఆ ఇంజెక్షన్ అమ్మేది కూడా వాళ్లే. రింగు పేరు కోబాల్ట్. ఇక్కడ నడిపేవాడు వాల్టర్, పర్యాటకుడి వీసా."

బుష్రా పిడికిలి బిగిసింది. పరీక్షా వాళ్లదే, మందూ వాళ్లదే. థూ! ఇంతకన్నా దారి కాచి దోచుకునేవాడు నయం, వాడు కనీసం డాక్టర్ కోటు వేసుకోడు.

చీఫ్‌కు ఆమె కోపం సంగతి తెలుసు. బుష్రా అక్క ఖమర్‌కు ఇదే జబ్బు. ఆ కిట్టు 'హై' అనే చెప్పింది. బావ ఇద్రీస్ కుట్టు మిషన్లు అమ్మి ఇంజెక్షన్లు కొన్నాడు. ఖమర్ మంచానికి అతుక్కుపోయింది తప్ప గడ్డ తగ్గలేదు. ఆమె గడ్డ ముక్క ఇప్పుడు అచ్చంపేట ల్యాబులో రెండో పరీక్షకు వరుసలో ఉంది. ఏ మందు ఎక్కించాలో చెప్పాల్సింది ఆ పదిహేడో నంబర్ రక్తంలోని యాంటీబాడీ.

"ఇంకో గొర్రెకు సూదేస్తే రాదా సర్?"

"నెత్తురులో యాంటీబాడీ పుట్టాలని ఆ ఎంజైమును మూడింటికి సూది వేశారు. రెండు పొట్టేళ్ల యాంటీబాడీ అడ్డమైనదానికల్లా అతుక్కుంది. పదిహేడుది ఒక్కటే కచ్చితంగా వచ్చింది. ఏ ఒంట్లో ఏది తయారవుతుందో మన చేతిలో లేదు. మళ్లీ మొదలుపెడితే ఏడాది."

"మా అక్కకు ఏడాది లేదు."

"తెలుసు. చేసింది ఎవరో పట్టుకో. రింగులో మనకో సోర్స్ ఉంది, నవనీత. వాళ్ల కంపెనీలో సేల్స్ హెడ్. కాంటాక్ట్ చేస్తుంది. కోడ్ మార్చలేదు."

*

బుష్రా పశువుల టీకాల మనిషి వేషంలో ల్యాబుకు చేరింది. ఖాకీ చీర కొంగు దోపి, భుజాన ఐస్ డబ్బా. చచ్చిన పొట్టేలు పక్కన ల్యాబు సైంటిస్టు గోపీకృష్ణ గడ్డం పెంచుకున్న ముఖంతో కూలబడి ఉన్నాడు.

"ఏడాదిగా వారం వారం దీని మెడ తడిపి, బొచ్చు గీకి, నెత్తురు తీశాం," అన్నాడు. "మొదట్లో ఎగిరి తన్నేది. తర్వాత నీళ్ల బకెట్ కనబడితే చాలు, తల వంచి నిలబడిపోయేది. కుండ నీళ్లు దిమ్మరించినా కదిలేది కాదు. ఎంత బుద్ధిమంతుడో!"

బుష్రా ఐస్ డబ్బాలోంచి అగ్గిపెట్టెంత పరికరం తీసింది. ఆఫీసు ఇంజినీర్లు చేసిచ్చింది. లోపల ఎంజైము పూసిన కాగితం. ఆ యాంటీబాడీ ఉన్న నెత్తురు పడితే నీలం గీత వస్తుంది. ఆమె పొట్టేలు మెడ గాయం నుంచి ఒక చుక్క పిండి కాగితం మీద వేసింది.

గీత రాలేదు.

ఇంకో కాగితం వేసింది. ఊహూఁ.

ఆమె వంగి మెడ తడిమింది. బొచ్చు గీకిన జాగా ఉంది, కానీ ఏడాదిపాటు సూదులు దిగిన మెడకు ఒక్క మచ్చ లేదు. చెవి చూసింది. ట్యాగ్ గుచ్చిన రంధ్రం ఇంకా పచ్చి పుండుగా ఉంది.

"డాక్టర్ సాబ్, ఏడుపు ఆపుర్రి. ఇది పదిహేడు కాదు."

గోపీకృష్ణ నోరు తెరిచాడు. తానే వంగి మెడ చూసుకున్నాడు. ముఖంలోకి రక్తం వచ్చి, మళ్లీ అంతలోనే పోయింది.

"మందను చూసుకునేది ఎవరు?" అంది బుష్రా.

"దశరథం. మంచివాడు. నిన్నే సెలవు పెట్టి ఊరికి పోయాడు. వాళ్లావిడ నర్సింగమ్మది కూడా పేగు క్యాన్సరే. ఆ విదేశీ కిట్టు హై అంది. మేం పదిహేడుతో చేస్తే 'లో' వచ్చింది. పాత మందుకే కోలుకుంది. ఆ సంతోషంలో ఇవాళ వాళ్ల ఊరి జాతరలో మైసమ్మకు మొక్కు చెల్లిస్తానని..."

"ఏం మొక్కిండు?"

"యాటను కోస్తానని," అన్నాడు గోపీకృష్ణ.

బుష్రా నోట్లోంచి వచ్చిన ఉర్దూ మాట ఇక్కడ రాయడానికి లేదు. విదేశీ ముఠా బాణాలు వేసి, యాసిడ్ పోసి చేయలేని పనిని మన దశరథం పసుపు కుంకుమలతో, డప్పులతో, చేతులారా చేయబోతున్నాడు!

*

గేటు బయట ఎర్ర కారు ఆగి ఉంది. అందులోంచి దిగిన మనిషిని చూసి కంచె పక్క గొర్రెలు కూడా మేత మానాయి. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, పక్క ఊరిదాకా పోయే సెంటు వాసన.

"సీతాఫలాలు పండాయా?" అంది.

"కండ్లు తెరిచినయి, పండలేదు," అంది బుష్రా. "నవనీత మేడమ్, కారు తియ్యి. మైసమ్మ జాతరకు పోవాలె, జల్దీ."

"ఏమైంది?"

ఇదిగో, కోపం చేసే చేటు ఇక్కడే. మామూలు రోజైతే బుష్రా నోరు కట్టేసుకునేది. కానీ ఆమె ఒంట్లో మంట మండుతోంది. వాల్టర్‌నూ, దశరథాన్నీ, చీఫ్‌నూ కలిపి తిడుతూ, సచ్చింది వేరే పొట్టేలనీ, అసలుది జాతరలో ఉందనీ మొత్తం కక్కేసింది. నవనీత "అయ్యో" అంది. మధ్యలో పెట్రోల్ బంకులో ఆగి, వాష్‌రూమ్‌కు పోయి వచ్చింది. వచ్చాక కారు కాస్త నెమ్మదిగా నడిపింది. బుష్రాకు అదీ పట్టలేదు.

జాతర దగ్గర డప్పులు మోగుతున్నాయి. వేపకొమ్మలు, బోనాలు, బెల్లం పాకం, దుమ్ము. దారి మొదట్లో గాజులమ్ముతున్న ఒక పెద్దావిడను ఖాలా అని పిలిచి బుష్రా గంప అడిగి తీసుకుంది. జాతరలో గాజుల మనిషికి ఎక్కడికైనా దారిస్తారు. అట్లా జనాన్ని చీల్చుకుంటూ మైసమ్మ గద్దె ముందుకు చేరింది.

పదిహేడో నంబర్ అక్కడ ఉంది. మెడలో వేపాకు దండ, నుదుట పసుపు. మెడ నిండా పాత సూది మచ్చలు. పక్కన కత్తి పట్టుకున్నవాడు ముహూర్తం కోసం చూస్తున్నాడు.

"దశరథమన్నా, ఆగు! నేను ల్యాబు మనిషిని. గది పదిహేడో నంబర్."

దశరథం బెదరలేదు. సన్నగా, ఎండకు కమిలిపోయిన మనిషి. తలపాగా సర్దుకున్నాడు. "నాకెర్కనే బిడ్డా. నంబర్ నేనే మార్చిన."

"గీ పొట్టేలు నెత్తురుతోనే నీ భార్యకు సరైన మందు దొరికింది. గది గూడ ఎర్కనేనా?"

"గందుకే గదా!" అని అరిచాడు దశరథం. "నర్సింగమ్మ పానం నిలవెట్టింది గిదే. గిదాన్ని గాకుంటే తల్లికి దేన్నియ్యాలె? మందల కుంటి గొర్రెనా? బతికితే గీ పదిహేడునే ఇస్తనని మొక్కిన. డాక్టర్ సాబ్‌ను అడిగితే ఇయ్యడు. ఆయన్ని మోసం జేసిన, ఒప్పుకుంట. తల్లిని మోసం జెయ్య."

"నీ మొక్కు నీకు తీరుతది. ఇంకా ఎంతమంది గీ పొట్టేలు దిక్కు జూస్తున్నరో ఎర్కనా? పాలమూరుల మా అక్క పండుకొని ఉన్నది. తన ముక్క గా ల్యాబుల ఉన్నది. దీన్ని కోస్తే మా అక్కను కోసినట్టే, సమజైందా?" ఏజెంటు ఇట్లా మాట్లాడకూడదు. మాట్లాడింది.

దశరథం తల అడ్డంగా ఊపాడు. "మొక్కు తప్పితే నర్సింగమ్మకు మల్ల తిరగబెడ్తది. అప్పుడు నువ్వు జిమ్మేదారుంటవా?"

ఈ ప్రశ్నకు ఏ ఆఫీసులో ట్రైనింగ్ ఇస్తారు?

దశరథం వెనక, పసుపు చీరలో, వేపచెట్టుకు చారగిలబడి కూర్చున్న నర్సింగమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఒంట్లో ఇంకా సత్తువ రాలేదు గానీ చూపు మాత్రం సూదిలా ఉంది.

"వాళ్ల నమ్మకాన్ని మనం గౌరవించాలి బుష్రా," అంది వెనక నుంచి నవనీత, తేనె పూసిన గొంతుతో.

గౌరవించాలట! ఊళ్ల మీద పడి తప్పుడు రిపోర్టులు అమ్ముకున్న కంపెనీ మనిషికి ఇవాళ హఠాత్తుగా నమ్మకాలు గుర్తొచ్చాయి. బుష్రా విసురుగా తల తిప్పింది. అప్పుడు కనిపించాడు. గద్దెకు ఎదురుగా గడ్డి టోపీ, మెడలో బంతిపూల దండ, మూడు కాళ్ల స్టాండు మీద పెద్ద కెమెరా. జాతర వీడియో తీస్తున్న తెల్లదొర. వాల్టర్.

పొట్టేలు ఇక్కడుందని బుష్రా ఒక్క నవనీతకే చెప్పింది. పెట్రోల్ బంకు గుర్తొచ్చింది. ఛీ, నా కోపం తగలెయ్య, అనుకుంది.

వాల్టర్ ఏమీ చేయడం లేదు. చేయాల్సిన అవసరం లేదు. కత్తి దించేది దశరథం తరఫువాడే. వాడు వీడియో తీసుకుని, జీతం తీసుకుని విమానం ఎక్కుతాడు. తుపాకీ తీద్దామంటే చుట్టూ పిల్లలు, బోనాల ఆడవాళ్లు. కత్తి పొట్టేలు మెడకు జానెడు దూరంలో ఉంది.

దశరథం చెంబు అందుకున్నాడు. ఆ నీళ్లు చూడగానే బుష్రాకు గోపీకృష్ణ మాట గుర్తొచ్చింది.

"సరే అన్నా," అంది గొంతు తగ్గించి. "ఆచారం ప్రకారమే జెయ్యి. నీళ్లు సల్లు. యాట ఒళ్లు జాడిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. కొయ్యి, నేను నోరెత్త. జాడియ్యకుంటే?"

దశరథం జవాబు చెప్పేలోపు నర్సింగమ్మ లేచి నిలబడింది. "జాడియ్యకుంటే తల్లి వద్దన్నట్టు. కత్తి పెట్టొద్దు. తల్లి పేరు మీద ఇడిసిపెట్టాలె. మా అత్త కాలం నుంచి గదే పద్ధతి."

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. డప్పులు జోరందుకున్నాయి. దశరథం "తల్లీ, మైసమ్మా" అని పొట్టేలు నెత్తి మీద, వీపు మీద నీళ్లు పోశాడు.

పదిహేడో నంబర్ తల వంచింది. మెడ ముందుకు పెట్టింది. అట్లాగే నిలబడింది.

ఇంకో చెంబు పోశాడు. నీళ్లు పొట్ట కింద నుంచి కారి పసుపు ముగ్గులో కలిశాయి. పొట్టేలు రాయిలా ఉంది. జనంలో గుసగుస మొదలైంది.

"తల్లి ఒప్పుకుంటలేదు," అన్నాడొక ముసలాయన.

"తల్లీ, నేనేం తప్పు జేసిన?" దశరథం కళ్లలో నీళ్లు. మూడో చెంబు పోశాడు. పదిహేడు చెవి కూడా ఆడించలేదు. సూది ఎప్పుడు దిగుతుందా అని ఓపిగ్గా ఎదురుచూస్తోంది, పిచ్చి జీవం.

ఓపిక పోయింది వాల్టర్‌కు. బూట్లతో సరాసరి ముగ్గులోకి వచ్చి, చేతిలోని చల్లటి నీళ్ల బాటిల్ మూత తీసి పొట్టేలు మీద గుమ్మరించాడు. నవ్వుతూ దాని వీపు తట్టాడు, కదులు కదులు అన్నట్టు.

ఒక్కసారిగా డప్పుల దరువు తప్పింది.

"బూట్లతోటి తల్లి ముగ్గు తొక్కుతవారా!"

"ఎవడ్రా వీడు? మా యాట మీద వీని పెత్తనమేంది?"

వాల్టర్ చేతులెత్తి, నవ్వు చెరగకుండా వెనక్కి నడిచి కెమెరా పట్టుకున్నాడు. లెన్సు కింద వేలు పట్టేంత నల్ల బొక్క ఒకటి పొట్టేలు మెడ మీదికి తిరిగింది. బుష్రా చూసింది. నెత్తి మీది గంప రెండు చేతులా ఎత్తి కెమెరా మీదికి విసిరింది.

గాజులన్నీ భళ్లున పగిలాయి. కెమెరా పక్కకు ఒరిగింది. సూదిబాణం పొట్టేలు చెవి పక్కనుంచి దూసుకుపోయి, ఒక డప్పు చర్మంలో టప్పున దిగింది. డప్పాయన దాన్ని చూశాడు, కెమెరాను చూశాడు.

తర్వాత జరిగింది ఆఫీసు రిపోర్టులో "స్థానికుల సహకారంతో అదుపులోకి తీసుకున్నాం" అని ఉంది. ఆ సహకారం ఎంత గట్టిగా అందిందంటే, వాల్టర్‌ను కాపాడటానికి బుష్రా అడ్డం పడాల్సి వచ్చింది.

నవనీత కారు వైపు జారుకుంటోంది. ఆమె మణికట్టు ఎవరో పట్టుకున్నారు. నర్సింగమ్మ.

"నాకు గా పెద్ద సూది రాపిచ్చిన కంపెనీ నీదేనా బిడ్డా? నీ మొఖం గా సూది గురించి పంచిన కాయితం మీద జూసిన. నవ్వుతున్నవ్." ఆ సన్నటి చేతిలో అంత పట్టు ఎక్కడిదో! "మా పక్కింటి శోభ గా సూదే నమ్ముకుని సచ్చిపోయింది. నలుగురు పిల్లలు. ఇప్పుడు నవ్వు. నవ్వవేంది?"

"బుష్రా, వీళ్లకు చెప్పు, నేను మన డిపార్ట్‌మెంట్ మనిషిని!" అని కేక పెట్టింది నవనీత.

"వాళ్ల మనిషివి గూడ," అంది బుష్రా. "డబుల్ ఏజెంటువి గదా, నీకు బేడీలు గూడ డబుల్." నిజంగానే రెండు జతలు వేసింది. కోపం కాస్త చల్లారింది.

దశరథం పొట్టేలు మెడ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. గోపీకృష్ణ జీపులో అప్పుడే వచ్చి, సిరంజి చేతిలో పట్టుకుని, అడగడానికి భయపడుతూ నిలబడ్డాడు.

నర్సింగమ్మ వాళ్లను చూసి కసిరింది. "ఏంది గట్ల జూస్తున్నరు? పానం తియ్యొద్దన్నది తల్లి. నెత్తురియ్యొద్దనలే. తీస్కోర్రి. గీ పిల్ల అక్కది ముందు సూడుర్రి."

బుష్రా ఆమె పక్కన కూలబడింది. తల వంచుకుని అంది. "అవ్వా, నీళ్లకు కదలదని నాకు ముందే ఎర్కుండె."

"నాకెర్క లేదా?" అంది నర్సింగమ్మ, వేపాకు దండ సవరిస్తూ. "దినాం ఇంటికొచ్చి గీయన చెప్పేది అదే ముచ్చట గదా, నీళ్లు జూస్తే నిలవడతదని."

"మరి దశరథమన్నకు?"

"గాయినకు గూడ ఎర్కనే. నువ్వు అడుగకు." ఆమె గద్దె వైపు చూసింది. "తల్లికి మాత్రం ఎర్క లేదనుకున్నవా?"

*

ఖమర్ స్లైడు మీద గోధుమరంగు అంతంతమాత్రంగా వచ్చింది. 'లో'. పాత మందు, ఊరికే దొరికేది, అంతకాలంగా పాలమూరు దవాఖానలోనే ఉన్నది. ఆ కబురు చెప్పినప్పుడు ఖమర్ ఏడ్చింది. ఇద్రీస్ ఏడ్చాడు. బుష్రా మాత్రం గోడను ఒక్క గుద్దు గుద్ది, చెయ్యి వాచి, అదే దవాఖానలో కట్టు కట్టించుకుంది.

ప్రేమ్‌సాగర్ ఫోన్ చేశాడు. "గుడ్ వర్క్. ఆ పొట్టేలుకు హై సెక్యూరిటీ పెడదాం. ఇరవై నాలుగ్గంటలూ గార్డులు, కంచెకు కరెంటు. ఇప్పుడు ఎక్కడుంది?"

"కంచెల పెట్టరాదు సర్. మైసమ్మ పేరు మీద ఇడిసిన జీవం. దానికి తాడు గట్టేటోడు ఆ మండలంల లేడు."

"అయితే నేషనల్ అసెట్ ఎక్కడ తిరుగుతోంది?"

"సర్పంచ్ కందిచేన్ల మేస్తున్నది సర్. ఆయన గట్టు మీద నిలవడి దండం పెడ్తున్నడు."